ఆలస్యమైతే సగం వాపసు

వంటింటి కుళాయి కారడం మొదలై నెల దాటింది. కింద పెట్టిన బకెట్ నిండటం, ఆమె పారబోయడం, బకెట్‌కీ ఆమెకీ కూడా అలవాటైపోయింది.

తెలిసిన ప్లంబర్ లేక కాదు. ఉన్నాడు. పనిమంతుడే. "అదెంతసేపు, వాషర్ మారిస్తే సరి, రేపు చూస్తా" అంటాడు. ఆ రేపు మాత్రం రాదు. గట్టిగా అడిగితే మొహం గంటు పెట్టుకుంటాడు.

నిన్న అత్తగారు ఆ తడిలో జారిపడింది. ఎముక విరగలేదు గానీ చీలమండ బాగా వాచింది. పెద్దావిడ మంచం మీద మూలుగుతుంటే కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనకాలే కోపమూ వచ్చింది. ఇక లాభం లేదనుకుని ఫోన్ తీసింది.

ఇంటి పనులకు మనుషుల్ని పంపే కంపెనీ అది. దాని షరతులు చదివితే ఆమెకు ముచ్చటేసింది. డబ్బు ముందే కట్టాలి. కానీ పని బాగుందని మనం చెప్పేదాకా అది కంపెనీ దగ్గరే ఉంటుంది. టైము దాటి వస్తే సగం మనకు వాపసు, అదీ వచ్చినవాడి కూలిలోంచి. పిలిచాక రానంటే ఇంకా పెద్ద కోత. మాటకు కట్టుబడనివాడు కోతకు కట్టుబడతాడని ఎవరో మహానుభావుడు బాగానే కనిపెట్టాడు.

మనిషిని కూడా మనమే ఎంచుకోవచ్చు. ఒకతని గురించి జనం రాసినవి చదివింది. 'నిమిషం ఆలస్యం చేయడు.' 'మాట మీద నిలబడే మనిషి.' 'సొంతింటి పనిలా చేస్తాడు.' ఆ చివరిది రెండుసార్లు చదివి, నవ్వాపుకుని, అతన్నే పిలిచింది.

అత్తగారికి ఇది నచ్చలేదు. "ముక్కూ మొహం తెలియనివాళ్లను ఇంట్లోకి ఎలా రానిస్తావే?"

"తెలిసినవాళ్లను నమ్మే కదా అత్తయ్యా, మీ కాలు ఇలా అయింది."

పెద్దావిడ గోడవైపు తిరిగి పడుకుంది.

పదింటికి రమ్మంటే, ఇంకా పది కాకుండానే కాలింగ్ బెల్ మోగింది. ఒంటి మీద కంపెనీ చొక్కా, భుజాన పనిముట్ల సంచి, మొహాన చెమట. అతను ఏదో అనబోయాడు. ఆమె చేతిలో ఫోన్ చూసి మింగేశాడు.

"నమస్కారం మేడమ్" అన్నాడు, కంపెనీ నేర్పినట్టే.

"కార్డు చూపించండి" అంది. కార్డులో ఫొటోనీ అతని మొహాన్నీ మార్చి మార్చి చూసి గానీ పక్కకు తప్పుకోలేదు.

మేడ మీద వాల్వు ఎక్కడుందో చెప్పబోయేలోపే వెళ్లి కట్టేసి వచ్చాడు. వాషర్ మార్చాడు. అడక్కుండానే సింకు కింద పైపు బిగించాడు, నేల తుడిచాడు. ఆమె పక్కనే నిలబడి ప్రతిదీ అడిగి చెప్పించుకుంది. అతను ఓపికగా చెప్పాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఆమె కుళాయి తిప్పి కట్టేసింది. చుక్క రాలలేదు. వంటిల్లు నిశ్శబ్దంగా ఉంటే ఇంత హాయిగా ఉంటుందని ఆమె మర్చేపోయింది.

"మీరు బాగుందని నొక్కితేనే నాకు డబ్బొస్తుంది మేడమ్" అన్నాడతను నేలచూపులు చూస్తూ.

ఆమె అయిదు నక్షత్రాలూ నొక్కి, "అత్తయ్యా, ఇన్నాళ్లకు మన కుళాయి బాగుచేశాడు మీ అబ్బాయి" అని లోపలికి కేకేసింది.