పాకం లేవలేదు, జున్నూ లేవలేదు

“నా కుక్కలకి ఏం పెట్టేరు బాబాయ్?”

సుప్రియ గట్టిగా అడిగింది. ప్రహరీ గోడకి అవతల పక్కింటి నానాజీ నిలబడి ఉన్నాడు. ఆయన చూపు గోడ దాటి మల్లెపందిరి కిందకి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

పందిరి కింద రెండు కుక్కలు పడి ఉన్నాయి. బెల్లం రంగుది పాకం, తెల్లది జున్ను. కాళ్లు చాపేసి, నాలుకలు బయటపెట్టి, పిలిచినా కళ్లు తెరవడం లేదు. పొట్టలు మాత్రం నెమ్మదిగా ఆడుతున్నాయి. పైనుంచి రాలిన మల్లెలు వాటి వీపుల మీద పడి, ఎవరో పూలు చల్లి సాగనంపుతున్నట్టు ఉంది.

ఆదివారం సాయంత్రం. అనకాపల్లి ఎండ మెత్తబడి తోటంతా పలచగా తేనె పూసినట్టుంది. మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. ఇంత గొడవలోనూ మందారం నీడన మడతమంచం మీద మామ్మ సూర్యకాంతమ్మ ఆదమరిచి నిద్రపోతోంది. పెదాల మీద చిన్న నవ్వు, చేతికి అందేలా ఆమె ఇత్తడి గ్లాసు.

ఈ మధ్య మామ్మ మధ్యాహ్నాలన్నీ ఇలాగే సాగుతున్నాయి. మోకాళ్ల నొప్పుల ఊసే లేదు. సంపెంగ చెట్టు వంగి చెవిలో కబుర్లు చెబుతోందని, సీతాకోకచిలుకలు పేరు పెట్టి పలకరిస్తున్నాయని సాయంత్రాలు చెబుతుంటే, పరవాడ కంపెనీ బస్సు దిగి వచ్చిన సుప్రియ బూట్లు విప్పుకుంటూ మురిపెంగా వినేది.

ఇప్పుడు వినే ఓపిక లేదు. అమ్మా నాన్నా పెళ్లికని గొలుగొండ వెళ్లారు. పశువుల డాక్టరు ఫోన్లో ఒకటే మాట చెప్పాడు. తాను బయలుదేరుతున్నాడు, ఈలోగా అవి ఏం తిన్నాయో కనుక్కోవాలి. అది తెలియకుండా ఏ మందూ వేయకూడదు, ఆలస్యమైతే చేతికి దక్కవు.

బెల్లం వ్యాపారం చేసే సుప్రియ వాళ్లింట్లో, ఎండన పడి ఎవరొచ్చినా ముందు పానకం గ్లాసు చేతికిస్తారు. ఈరోజు సుప్రియ నానాజీకి ఖాళీ బిస్కెట్ ప్యాకెట్ చూపించింది. గోడ పక్కన, ఆయన వైపు నుంచి పడినట్టుగా దొరికింది.

“నిన్న వీధందరి ముందూ ఏటన్నారు? ‘మళ్లీ నా బంతి మడి తవ్వితే ఈటిని లేవకుండా సేత్తాను’ అన్నారా లేదా? అన్నంత పనీ చేసేరు. నిజం చెప్తారా, పోలీసులకి ఫోన్ చెయ్యనా?”

నానాజీ వెనక్కి తిరిగి తన ఇంటివైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“బిస్కెట్లు నేనే ఏసేనమ్మా. ఇయ్యాలే కాదు, రోజూ ఏత్తాను. మీ పిన్నికి కుక్కలంటే సిరాకు. తెలిస్తే నాకు అన్నం పెట్టదు. అందుకే నలుగుర్లో తిడతాను.”

జేబులోంచి ఇంకో ప్యాకెట్ తీసి, చించి, రెండు బిస్కెట్లు నోట్లో వేసుకుని నమిలాడు. ఆ వయసులో ఎలా దూకాడో గానీ గోడ దూకి వచ్చి, పాకం తలని ఒళ్లోకి తీసుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాక సుప్రియకి అడగాల్సిన ప్రశ్న మిగల్లేదు. భయం మాత్రం రెట్టింపైంది. ఈయన కాకపోతే ఎవరు?

నానాజీ ముక్కు ఎగబీల్చాడు. మళ్లీ పాకం మూతి దగ్గరకి వంగాడు.

“బెల్లం వాసనమ్మా ఇది. పులిసిపోయిన బెల్లం.”

సుప్రియ మందారం మొదట్లో, తడి ఇసుకలో దించిన కుండ వైపు పరుగెత్తింది. పూలు విరగబూస్తాయని ఎవరో చెబితే, మగ్గిన అరటిపండ్లు పిసికి బెల్లం నీళ్లలో కలిపి ఊరబెట్టింది తనే. ఈ సాయంత్రమే మొక్కలకి పోయాలనుకుంది. ఎండకి అది ఊరి ఊరి సారాకి చెల్లెలైపోయి ఉంటుంది.

వెంటనే డాక్టరుకి చెప్పింది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. అది విషం కాదు, మత్తు. మూతులు తడిపి, నీడలో పక్కకి తిప్పి పడుకోబెట్టమన్నాడు. దగ్గరికి వచ్చేశాడట, వచ్చి చూస్తానన్నాడు.

అదే క్షణాన పాకం కళ్లు తెరిచింది. తూలుకుంటూ లేచి, నాలుగడుగులు వేసి, మందారం పువ్వు ఎదుట చతికిలబడి, చాలాకాలానికి కనిపించిన చుట్టాన్ని చూసినట్టు తోక ఊపింది. జున్ను పడుకునే ఊపింది. నానాజీ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

సుప్రియ నవ్వలేదు. కుండ మూతికి కట్టిన గుడ్డనే చూస్తోంది. అది చిరగలేదు, జారలేదు. నీటుగా ముడి వేసి ఉంది. విప్పి లోపలికి చూసింది. మెడ దాకా నింపిన కుండలో అడుగున కాస్తే మిగిలింది. ఒక్కరోజులో తరిగేది కాదది.

“కుక్కలు ముడి ఇప్పుతాయేటమ్మా?” అన్నాడు నానాజీ మెల్లగా. “ఇప్పినా, మళ్లీ కడతాయా?”

కడుతున్నవాళ్లెవరో ఈ తోటలోకి రోజూ వస్తున్నారు. సుప్రియ గేటు వంక, గోడల వంక చూసింది.

వెనక మడతమంచం కిర్రుమంది. మామ్మ కళ్లు సగమే తెరిచి, సంపెంగ చెట్టు వైపు చూసి ముసిముసిగా నవ్వి, ఇత్తడి గ్లాసు ముందుకి చాపింది.

“పాపం నోరు లేనియ్యి, నాలికలు సాసుకుని సూత్తంటే ఆటికీ సెరో గ్లాసు పోసేను గానీ... పానకం ఇంత బాగా కలిపెడతావు, మిరియాలు మాత్రం రోజూ నాసేతే ఏయిత్తావేటే సుప్రియా?”