పాట మధ్యలో మంచినీళ్ళు

“రెండెరుపు, ఒక నీలం, మూడు తెలుపూ... అమ్మా సుల్తానా, కాసిని మంచినీళ్ళియ్యి తల్లీ... మళ్ళీ ఒక నీలం!”

మగ్గం పక్కన నిలబడి నాగూర్ రాగం తీస్తున్నాడు. నేతగాళ్ళ వేళ్ళు ఆ మాటల వెంటే ఉన్ని ముడులు వేస్తున్నాయి.

ప్రసాదరావుకి ఒళ్ళు మండింది. “ఆపవయ్యా! తివాచీ పాటలో మంచినీళ్ళేమిటి, నీ మొహం!”

ఏలూరులో ఆ తివాచీల షెడ్డు ఆయన కొత్తగా కొన్నాడు. తాడేపల్లిగూడెంలో బియ్యం వ్యాపారం తప్ప ఆయనకి ఇంకోటి తెలియదు. కొన్నాక తెలిసింది, అసలు సరుకు షెడ్డులో లేదని. పెద్దపువ్వుల తివాచీకి ఏ ముడి తర్వాత ఏ రంగో, అంతా ముసలి మొహిద్దీన్ బుర్రలో ఉంది. కాగితం మీద పెట్టడం వాళ్ళ ఇంటా వంటా లేదు. గురువు నోటితో పాడాలి, శిష్యుడు పొల్లుపోకుండా పట్టాలి. ఇప్పుడు ముసలాయనకి ఊపిరి అందడం లేదు. ఆ పాట ఆయనతోనే పోతే షెడ్డుకి తాళం వేసుకోవడమే. ఎవరి ఆశయినా ఇక శిష్యుడు నాగూర్ మీదే.

“మా ఉస్తాదుగారు అలాగే నేర్పారండీ. అది తీసేస్తే తర్వాతి రంగు నోటికి రాదండీ,” అన్నాడు నాగూర్.

ప్రసాదరావు ఫక్కున నవ్వాడు. “ఓరి పిచ్చివాడా! నేర్పేటప్పుడు ఆయనకి దాహం వేసి కూతుర్ని పిలిచి ఉంటారు. నువ్వు అదీ బట్టీ పట్టావు!”

షెడ్డులో ఇంకెవరూ నవ్వలేదు. మూల నులకమంచం మీద పడుకున్న మొహిద్దీన్ మెల్లగా లేచి కూర్చున్నాడు. చేతికందేంతలో నీళ్ళకూజా ఉంది, దానివైపు చూడనైనా లేదు.

“ఉండనివ్వండి బాబుగారూ. దానివల్ల తివాచీకి వచ్చే నష్టమేం లేదు కదండీ.”

“మీకేం, ఎన్నయినా చెబుతారు. ఎల్లుండి మద్రాసు నుంచి దొరగారు నేత చూడ్డానికి వస్తున్నారు. నవ్విపోతారండీ. వీల్లేదు.”

“ఆ ఒక్క మాటేనండీ...”

“వీల్లేదన్నానా!”

దొర వచ్చాడు. నాగూర్ పాట అందుకున్నాడు. మూడు తెలుపు దగ్గర ఆగాడు. నులకమంచం వైపు ఒకసారి చూసి, “మళ్ళీ ఒక నీలం” అనేశాడు. దొర భేష్ అన్నాడు. మొహిద్దీన్ గోడ పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

దొరని రైలెక్కించి వచ్చేసరికి ముసలాయన చూరు కింద కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నాగూర్ పక్కనే ఉన్నాడు. ప్రసాదరావు ఎంతయినా మనిషే, కంగారుపడ్డాడు.

“అయ్యయ్యో, ఇదేమిటండీ, పెద్దవారు! ఒరే నాగూర్, పరిగెత్తు. వాళ్ళింటికెళ్ళి ఆ సుల్తానాని వెంటబెట్టుకురా!”

నాగూర్ కదల్లేదు.

“ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదండీ; కలరాలో తనని మట్టిచేసి వచ్చాకే ఉస్తాదుగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పాట నేర్పడం మొదలుపెట్టారండీ.”