ఎలుగుబంటి కుట్టుమిషను

చర్చి లైబ్రరీలో కుటుంబ పఠనానికి మోటార్ల మెకానిక్ భార్య బట్టల సంచి సర్దుకుని మరీ వచ్చింది. చదవడం కాగానే అటునుంచటే బస్సెక్కి పుట్టింటికి పోతుందట. ఆ మాట కూడా కూతురి చేతే చెప్పించింది. మొగుడితో మాటలు మానేసి వారమైంది.

"అది కాదే, ఒక్క మాట విను..." అన్నాడు మెకానిక్ బల్ల దగ్గర కూర్చుంటూ.

"ష్ష్!" అంది లైబ్రరీ చూసే టీచరమ్మ, గోడమీది బోర్డు చూపిస్తూ. "ఒక పేజీ నాన్న, ఒక పేజీ అమ్మ. పుస్తకంలోది తప్ప ఇంకో మాట వినపడకూడదు. పిల్లలు మధ్యలో ప్రశ్నలడక్కూడదు. కానివ్వండి."

ఎదురుగా కుర్చీల్లో తక్కిన కుటుంబాలు. ముందు వరసలో పాస్టరుగారు, పక్కన వాళ్లావిడ. మధ్యలో కూర్చున్న కూతురు పుస్తకం తెరిచి పట్టుకుంది. బొమ్మల పుస్తకం, బొత్తిగా పల్చన. పేజీకి ఒక వాక్యం.

"ఒక అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేది," చదివాడు మెకానిక్.

"దానికి తేనె అంటే ఇష్టం," చదివింది భార్య, బస్సు బోర్డు చదివినట్టు.

మూడో పేజీలో ఎలుగుబంటి చెట్టెక్కుతోంది. మెకానిక్ బొమ్మను చూశాడు. ఆమె ఒళ్లోని సంచిని చూశాడు.

"ఎలుగుబంటి పెళ్లాం అలిగింది," అని చదివాడు.

కూతురు పుస్తకంలోకి వంగి చూసింది. "నాన్నా, ఇక్కడ..."

"ష్ష్!" అంది టీచరమ్మ.

భార్య పేజీ తిప్పింది. ముక్కుపుటాలు అదిరాయి. "అలగక? ఒరేయ్ ఎలుగుబంటీ, నా కుట్టుమిషను నన్నడక్కుండా మీ అక్క చేతిలో ఎందుకు పెట్టావురా, అంది పెళ్లాం ఎలుగు."

కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. మెకానిక్ మాత్రం ఆ 'రా' దగ్గరే ఆగిపోయాడు. పెళ్లయిన నాటినుంచి 'మీరు' తప్ప ఇంకో మాట అనని మనిషి. ఎన్నాళ్లుగా నాలుక కింద దాచుకుందో ఏమో, ఎంత హాయిగా అనేసింది!

"కూతురి పెళ్లి పెట్టుకుంది, బట్టలు కుట్టుకుంటానంటే తోబుట్టువును ఎలా కాదనను, అంది ఎలుగుబంటి దీనంగా."

"ఎలుగుబంట్లు బట్టలేసుకుంటాయామ్మా?" అడిగాడు వెనక వరసలో ఒక పిల్లవాడు.

"ఆడపిల్ల పెళ్లన్నాక వేసుకోవా? నోర్మూసుకుని విను," అంది వాళ్లమ్మ.

భార్య ఇంకో పేజీ తిప్పింది. చూపు పుస్తకం మీద లేనే లేదు. "మీ అక్క పోయినేడు పట్టుకుపోయిన నా ఇస్త్రీపెట్టె ఏ గుహలో ఉందో ముందు అది చెప్పు, అంది పెళ్లాం ఎలుగు. రేపు నన్ను కూడా ఎవరికన్నా ఎరువిస్తావా, అంది."

"అమ్మమ్మా!" అన్నారు ఆడవాళ్లు.

"పాపం, దాని ఇబ్బంది కూడా చూడాలి కదా," అని గొణిగాడు రెండో వరసలో కూర్చున్న వడ్రంగి.

"మీరూరుకోండి," అంది వాళ్లావిడ. "అడవైనా ఊరైనా మీ మగజాతంతా ఒకటే."

టీచరమ్మ ఈసారి ష్ష్ అనలేదు. కళ్లజోడు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంది.

మెకానిక్ వేలితో పేజీలు తడిమాడు. అతనికొకటి, ఆమెకొకటి, అంతే మిగిలాయి. అక్క మంచిదే అని చెబుదామా? పనిలో పడి మర్చిపోయానందామా? కూతురు అప్పుడే పేజీ తిప్పేసింది.

"తప్పయింది, అంది ఎలుగుబంటి. మిషను నీది. ఇచ్చే హక్కు నాకు లేదు. రేపే వెళ్లి తెస్తాను, అంది."

ఆఖరి పేజీలో ఎలుగుబంటి మూతికి తేనె పూసుకుని నిద్రపోతోంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"రేపు కాదు, ఇవాళే, అంది పెళ్లాం ఎలుగు. ఇక్కణ్ణించి అటే పోదాం. నేనూ వస్తాను. మిషను నువ్వు మోస్తే ఇస్త్రీపెట్టె ఎవరు మోస్తారు?"

పుస్తకం మూసి, ఒళ్లోని సంచి తీసి అతని చేతికిచ్చింది. "పట్టుకోండి," అంది. అది పుస్తకంలోది కాదు.

చప్పట్లు మోగిపోయాయి. పాస్టరుగారు లేచి నిలబడ్డారు. "ఆహా! సంసారమంటే ఇలా విప్పి చెప్పాలి. ఈ పుస్తకం మన సంఘంలో ప్రతి ఇంటికీ చేరాలి. ఏదమ్మా, ఇలా ఇవ్వు!"

కూతురి చేతిలోంచి పుస్తకం తీసుకుని ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు. కనుబొమలు ముడిపడ్డాయి. "అవునూ, ఇందులో కుట్టుమిషను ఏ పేజీలో ఉంది?"

మెకానిక్ చెమట తుడుచుకున్నాడు. ఏం చెప్పాలో తోచేలోపే పాస్టరుగారి భార్య లేచింది. పాట పాడడానికి తప్ప నలుగురిలో నోరు విప్పని మనిషి. ఆయన చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసుకుంది.

"అక్షరాలు చిన్నవిలెండి, మీకు కనపడవు. తర్వాతి వంతు మనదేగా. ఇలా కూర్చోండి, మొదటి పేజీ నేను చదువుతాను."

ఆయన కూర్చున్నారు. ఆవిడ గొంతు సవరించుకుని అందరికీ వినపడేలా మొదలుపెట్టింది:

"ఆ అడవిలోనే పాస్టరు ఎలుగుబంటి ఒకాయన ఉండేవారు. ఆదివారం ఆదివారం ఆయన చెప్పే ప్రసంగాలన్నీ ఎవరు రాసిచ్చేవారంటే..."