మానని చుక్కలు

"అవ్వా, నీ చెయ్యి జర చూపియ్యి" అన్న నర్సు మహిమ, ఆ చెయ్యి చూసి గబుక్కున దగ్గరికి లాక్కుంది.

గంగుబాయి ముంజేతి మీద వరుసగా, నలుచదరంగా నల్లటి చుక్కలు. పోయిన వారం అక్కడే పట్టీ అతికించారు. కంటికి ఆనని సూదులున్న పట్టీ. మందు లేదు, ఉత్తదే. చర్మానికి పడుతుందో లేదో చూడటానికి. పడితే రేపు పిల్లల టీకాలు ఇలాంటి పట్టీలతోనే వేయొచ్చు. సూదిని చూసి గుక్కపట్టే బాధ తప్పుతుంది. మహిమ ఆశంతా దాని మీదే. గుర్తులు రెండు రోజుల్లో పోతాయని జైనూర్ చుట్టుపక్కల ఊరూరా తిరిగి భరోసా ఇచ్చింది కూడా ఆమే.

"నొస్తుందా అవ్వా?"

"పట్టీ పెట్టిననాడు చీమ కుట్టినట్టన్న కాలే బిడ్డా. మంచిగనే ఉన్నది."

డాక్టర్ సదానందం వంగి చూశాడు. తడి దూదితో రుద్దాడు. చుక్క చెరగలేదు.

"మిగిలినోళ్లను పిలువు" అన్నాడు.

పట్టీ వేయించుకున్న మరో నలుగురు ఆడవాళ్లు వచ్చి చేతులు చాపారు. నలుగురికీ అవే చుక్కలు.

"ఇగ ఈ పట్టీలు ఆపుడే. ఇప్పుడే పైకి చెప్త" అంటూ డాక్టర్ ఫోన్ తీశాడు.

"జర ఆగుండ్రి సార్. వేరే ఊళ్లల్ల ఎవ్వరికి గిట్ల కాలే."

"ఒక్క ఊళ్లె అయినా అయినట్టే మహిమా. రేపు పసిపిల్లలకు పెట్టేది."

మహిమ కళ్లలో నీళ్లు తిరిగాయి.

గంగుబాయి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏమైంది బిడ్డా, ఎందుకు పరేషాన్ అయితున్నవ్?"

"ఈ చుక్కలు మానలేదు కదవ్వా. పట్టీ పనికిరాదంటుండు సారు. ఇగ పిల్లలకు సూదులే గతి."

గంగుబాయి గతుక్కుమంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, డాక్టర్ ఫోన్ వైపు భయంగా చూసింది.

"పట్టీని ఏమనకుండ్రి సారు. గవి తెల్లారికే మాయం కావట్టినయి. అంత ముచ్చటైన చుక్కలు పోతుంటే మాకు పాణం ఒప్పలే. చచ్చినంక ఎంబడి వచ్చే సొమ్ము పచ్చబొట్టు ఒక్కటేనాయె. గందుకే దీపం మసి పెట్టి, సూదితోని అందరికి నేనే పొడిచిన."