విడివిడిగా చచ్చినవి

"సింకులు కడిగే మందులో నీళ్లు కలిపి, మిగిలింది బయట అమ్ముకుంటున్నావు. అవునా, కాదా?"

సూపరింటెండెంటు బల్ల గుద్దాడు. ఎదురుగా నిలబడ్డ ఆయాకు ఒళ్లు మండింది. రెండు చేతులూ ముందుకు చాపింది.

"పదకొండేళ్లుగా ఆ వార్డు కడుగుతున్నాను బాబూ. ఈ చేతులు చూడండి, తోలు ఊడిపోయింది. నీళ్లు కలిపిన మందుకి తోలూడుతుందా?"

"మరి నెలలో నలుగురు పేషెంట్లకి ఇన్ఫెక్షన్ ఎలా అంటుకుంది? అదీ ఆ వార్డు సింకులోంచే!" ల్యాబ్ రిపోర్టు ఆమె ముందుకు విసిరాడు. "అందులో మూడు రకాల క్రిములున్నాయి. మన మందు పోస్తే మూడూ ఐదు నిమిషాల్లో చచ్చాయి. అంటే మందు మంచిదే. దొంగవి నువ్వే. రేపట్నుంచి రాకు."

ఆయా ఇంటికి వెళ్లలేదు. విసవిసా మెట్లెక్కి ల్యాబ్‌లోకి వెళ్లింది.

"ఆ రిపోర్టు రాసింది మీరేనా డాక్టరమ్మా?"

ల్యాబ్ డాక్టరు మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. "నేనే. ఏం?"

"ఆ మూడింటినీ ఎలా చంపారు?"

"ఒక్కోదాన్నీ విడిగా పెంచి మందు పోశాను. ఎక్కడైనా అంతేగా."

"సింకు గొట్టంలో అవి వేరు కాపురాలు పెట్టాయా? మా ముగ్గురు కోడళ్లూ విడివిడిగా వెన్నముద్దలే. ముగ్గురూ ఒక్కటైతే నాకు నోరు పెగలదు. వాటినీ కలిపి పెట్టి చూడండి!"

డాక్టరుకు నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ రోజే ప్లంబరును పిలిపించి సింకు కింద గొట్టం విప్పించింది. లోపల వేలి మందాన నల్లటి జిగురు. ఆ మూడు రకాలనూ ఒక గొట్టం ముక్క మీద వారం రోజులు కలిపి పెంచింది. అచ్చం అలాంటి జిగురే కట్టింది. మందు పోసింది. ఐదు నిమిషాలు కాదు, గంట గడిచినా బతికే ఉన్నాయి. ఒకటి కక్కిన జిగురు చాటున మిగతావి తలదాచుకున్నాయి. బ్రష్షు పెట్టి గీకేశాక పోస్తే గానీ చావలేదు.

ఆమె మళ్లీ రిపోర్టు రాసింది. ఆయా తప్పేమీ లేదని, ఏళ్ల తరబడి గొట్టాలు విప్పించని ఆస్పత్రిదే తప్పని దాచకుండా రాసింది.

రిపోర్టు పంపిన మూడో రోజు ఆయాను ల్యాబ్‌కు పిలిచి, పైనుంచి వచ్చిన కాగితం చదివి వినిపించింది.

"నీ మీద నింద కొట్టేశారు. రేపట్నుంచి పనిలోకి వచ్చెయ్."

ఆయా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నోటికొచ్చినట్టు దొంగ అన్నారు కదమ్మా. దానికేమైనా రాశారా?"

"రాశారు. 'అమాయకురాలికి తీరని అన్యాయం జరిగింది, కారకులను వదలం' అని."

"హమ్మయ్య!" అన్న ఆయా, డాక్టరు సొరుగులోని పుస్తకాలన్నీ సంచిలో సర్దుకోవడం చూసింది. "మీరెక్కడికి డాక్టరమ్మా?"

డాక్టరు కాగితం తిప్పి రెండో వైపు చదివింది.

"తొలి రిపోర్టు రాసి ఈ అన్యాయానికి కారణమైన ల్యాబ్ డాక్టరును నేటి నుంచి ఉద్యోగంలోంచి తొలగించడమైనది."