బాక్సు మీద చెయ్యి

ధబ్.

చర్చిలో ఆఖరి ఆశీర్వాదం అయ్యి, సంఘపెద్ద ప్రకాష్ గోడ మీది మెయిన్ స్విచ్ ఆపగానే స్పీకరు బాక్సు మళ్లీ పేలినంత పని చేసింది. ఒళ్లో పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుపందుకున్నారు.

ఆర్గాన్ ముందు కూర్చున్న ఫెబా గబుక్కున బాక్సు వైపు తిరిగింది. ఇప్పటికి రెండు స్పీకర్లు చిరిగాయి. మూడోది కూడా పోతే ఆర్గాన్ మూలన పెట్టేసి, పాటలు ఫోన్లోంచి వేసుకుందామని సంఘం తీర్మానం.

ఆ ఆర్గాన్ ఇరవై రెండేళ్లు వాయించింది వాళ్లమ్మ సువార్తమ్మ. పోయినేడు మిరపకోతల్లో ఆమె కన్నుమూసింది. మంచం మీద నుంచి కూతురికి చెప్పింది ఒక్కటే, "దాన్ని మూగబోనివ్వకే" అని.

ఆ చప్పుడుకి చెయ్యని వైద్యం లేదు. ఎర్తింగ్ సరిగా లేదని గోతిలో ఉప్పూ బొగ్గూ పోయించారు. దాన్ని తడపడానికి ఆడవాళ్లు వారం రోజులు బిందెలతో నీళ్లు మోశారు. చీరాల నుంచి వచ్చిన మెకానిక్కు వైర్లన్నీ మార్చి, టీ తాగి వెళ్లాడు.

చప్పుడు మాత్రం కదిలితే ఒట్టు.

దానికి తోడు ఈ పెద్దాయనొకడు దాపురించాడు.

ఎవరో తెలీదు. మూడు ఆదివారాలుగా తొమ్మిదింటి బస్సు దిగి వస్తున్నాడు. బెంచీలు ఖాళీగా ఉన్నా పోయి బాక్సు పక్కనే నేల మీద కూర్చుంటాడు. అరచెయ్యి దానికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. పలకరిస్తే పలకడు.

"పొద్దున్నే తాగొచ్చినట్టున్నాడు," అంది ముందు బెంచీలో కూర్చునే పిచ్చమ్మ.

నాలుగో ఆదివారం ఫెబా ఉండబట్టలేక ప్రకాష్ దగ్గరికెళ్లింది.

"అంకుల్, ఆయన అట్లా ఆనుకుంటే ఉన్న ఒక్క స్పీకరూ పోద్ది. కాస్త లేపండి."

ప్రకాష్ వెనక నుంచి రెండుసార్లు పిలిచాడు. పెద్దాయన కదల్లేదు.

"ఎంత పొగరో చూడు," అంటూ ఆ చెయ్యి పట్టి లాగి, తీసుకెళ్లి గుమ్మం దగ్గర కూర్చోబెట్టాడు.

పాటలన్నీ అయ్యేదాకా పెద్దాయన అక్కడే, ఖాళీ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఫెబా వేళ్ల వంకే చూస్తూ కూర్చున్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గరికొచ్చాడు. మిర్చి యార్డులో అరిచి అరిచి బండబారినట్టుంది గొంతు.

"అన్నీ ఒక్క స్విచ్చితో ఆపేస్తున్నారమ్మా. అదే తప్పు. ముందు యాంప్లిఫయర్ ఆపు. పది లెక్కపెట్టు. అప్పుడు ఆర్గాన్ ఆపు. వేసేటప్పుడు ముందు ఆర్గాన్, ఆఖర్న యాంప్లిఫయర్."

అని అటు తిరిగాడు.

"మీకెట్లా తెలుసండీ?"

జవాబు లేదు. మర్యాద తెలీని మనిషి అనుకుంది ఫెబా.

తర్వాతి ఆదివారం, చేస్తే పోయేదేముందని, ప్రకాష్‌ని మెయిన్ ముట్టుకోనివ్వలేదు. యాంప్లిఫయర్ ఆపింది. పది లెక్కపెట్టింది. ఆర్గాన్ ఆపింది.

చప్పుడు లేదు. పసిపిల్లలు నిద్రపోతూనే ఉన్నారు.

ఫెబాకి సంతోషం కంటే ముందు సిగ్గేసింది. గుమ్మం వైపు చూసింది. ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

మూడో వారం ఒకావిడ వచ్చింది. జీడిగింజల జిడ్డుకి నల్లబడిన వేళ్లు.

"మాది వేటపాలెం. ఇక్కడికి ఆదాం అని ఒక పెద్దాయన వచ్చేవాడు కదమ్మా. ఆయన కూతుర్ని."

ఫెబా ఆమె చేతులు పట్టుకుంది.

"ఆయన్ని మళ్లీ రమ్మనండక్కా. ఆయన చెప్పినట్టు చేస్తే చప్పుడు పోయింది. లోపం అంత బాగా ఎట్లా విన్నారో."

"నాన్న మొన్న బుధవారం పోయాడమ్మా."

ఫెబా ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టింది.

"వినటం ఎక్కడిది," అందావిడ. "చెవులు బొత్తిగా పోయి పదేళ్లయింది. చెయ్యి ఆనిస్తేనే ఆయనకి పాట."

"మరి... ఇంత దూరం, ఇక్కడికే ఎందుకొచ్చారక్కా?"

ఆవిడ మూసి ఉన్న ఆర్గాన్ వంక చూసింది.

"హాస్టల్లో సువార్త అనే పిల్లకి వేళ్లు పట్టుకుని ఆర్గాన్ నేర్పింది ఆయనేనంట. ఆ పిల్ల ఇక లేదని తెలిసి, ఆమె కూతురి వాయింపులో ఇంకా ఉందేమోనని తడిమి చూసుకోడానికొచ్చాడు."