పదహారు వేల దగ్గర గీత

"ఇదిగో మామయ్యా, పదహారు వేల హెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు శబ్దం తెగిపోయింది. ఆపైన సన్నటి శబ్దాలు ఉండాల్సిన చోటంతా నలుపే," అన్నాడు అల్లుడు, పాటలోని శబ్దాలన్నీ కంప్యూటర్ తెర మీద బొమ్మగా చూపిస్తూ.

"అంటే?"

"ఎవరో శబ్దాలు కత్తిరించి చిన్నది చేసిన మామూలు ఎంపీత్రీ పాటనే, ఏ శబ్దమూ పోని లాస్‌లెస్ పాటగా మార్చి అంటగట్టారు. కత్తిరించి పారేసింది మళ్ళీ రాదు. పెట్టె పెద్దదైంది, సరుకు పాతదే."

మామగారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఏడాదిగా రోజూ పూజలో ఆ పాటే పెట్టుకుని, గాయని ఊపిరి కూడా వినిపిస్తోందని కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి.

"ఒకసారి పెట్టు."

పాట మొదలైంది. ఆయన ఎప్పటిలా కళ్ళు మూసుకోలేదు. తెర మీది నలుపునే చూస్తూ కూర్చున్నారు.

"ఊపిరి వినపడుతోందా?" అత్తగారు అడిగింది.

"ఏమోనే. పైన ఏదో లేదని మాత్రం తెలుస్తోంది."

"నిన్న దేవుడే దిగొచ్చాడన్నారుగా."

"నిన్న నాకు తెలియదుగా."

ఆవిడ అల్లుణ్ణి వంటింట్లోకి పిలిచింది. "బాబూ, పొరపాటు పడ్డానని చెప్పెయ్యి. రేపు పొద్దున ఆయన పూజకు కూర్చోవాలి."

"పూజ కోసం అబద్ధమా అత్తయ్యా?"

"ఏడాదిగా ఆయన్ని కూర్చోబెట్టింది అదే కదా నాయనా."